సువార్తమ్మ మొదటి గిటారు

ఒంగోలులో గిటారు నేర్పే ఆశీర్వాదం మాస్టారికి ఒక అలవాటుంది. ప్రతి సోమవారం మధ్యాహ్నం భోంచేసి, గొడుగు పట్టుకుని, ఖాజావలి వాయిద్యాల కొట్టుకి వెళ్తారు. అక్కడ గోడకు వేలాడే గిటార్లను ఒక్కొక్కటే దించి, శ్రుతి చేసి, మళ్ళీ తగిలించి వస్తారు. ఎవరూ కొనని గిటార్లకు వారం వారం ఈ సేవ దేనికో ఎవరికీ అంతుపట్టలేదు. ఖాజావలి ఇచ్చేది ఒక కప్పు టీ, అదీ చక్కెర తక్కువగా. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఊరు ఊరుకుంది.

కొత్తగా చేరినవాళ్ళంతా ఆయన్ని అడిగే ప్రశ్న ఒక్కటే, తక్కువ ధరలో మంచి గిటారు ఏదని. సోమవారం కొట్టుకి రమ్మనడమే తప్ప ఆయన దానికి జవాబు చెప్పిన పాపాన పోలేదు. సువార్తమ్మ కూడా అదే అడిగింది గానీ, ఆమె ప్రశ్నకు ఒక తోక ఉంది.

సువార్తమ్మ ఆర్టీసీలో కండక్టరు, పొదిలి బస్సు మీద డ్యూటీ. నలభై నాలుగేళ్ళ మనిషి. పద్దెనిమిదేళ్ళు చర్చి పాటల బృందంలో ముందు వరుసలో నిలబడి పాడింది. ఆమె పాట అందుకుంటే వెనక కునికిపాట్లు పడేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు. మూడేళ్ళ కింద థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. సగం గాలి, సగం జీర మిగిలాయి. "చీమకుర్తి, చీమకుర్తి" అని కేకెయ్యడమే గగనమై, విజిలుతో ఉద్యోగం నెట్టుకొస్తోంది. చర్చిలో వెనక బెంచీకి మారింది. అందరూ పాడుతుంటే తను పెదవులు మాత్రం కదుపుతుంది. ఆ సంగతి పక్కవాళ్ళ కంట పడకుండా నానా అవస్థ పడుతుంది.

"నా గొంతు పోయింది మాస్టారూ," అంది. "నా బదులు పాడే గిటారు ఏదో చెప్పండి. దాచుకున్నది ఆరువేలే. పొరపాటున పనికిరానిది కొన్నానంటే, మళ్ళీ ఈ జోలికి వచ్చే ధైర్యం నాకు లేదు."

"సోమవారం రామ్మా," అన్నారు మాస్టారు.

సెలవు పెట్టుకుని వెళ్ళింది. కొట్టులో అడుగు పెట్టగానే ఆమె కళ్ళు ఒక నీలం గిటారు మీద పడ్డాయి. అద్దంలా మెరిసిపోతోంది. ఖాజావలి చెయ్యి తిరిగినవాడు. దాన్ని దించి నాలుగు ముక్కలు వాయించేసరికి సువార్తమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇదే ఇప్పించండి అంది. అతను ఇంకోటి దించి వాయించాడు, అదీ బాగుంది. మూడోదీ బాగుంది. ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు.

"ఖాజావలి చేతిని మనతో ఇంటికి పంపడమ్మా," అన్నారు మాస్టారు. "కొత్తవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే."

ఆయన నీలం గిటారు ఆమె ఒళ్ళో పెట్టి ఒక తీగ నొక్కమన్నారు. తీగలు చెక్కకు మరీ ఎత్తుగా ఉన్నాయి. ఎంత నొక్కినా స్వరం తెగిపోయిందే గాని పలకలేదు, వేలు మాత్రం వాచింది. ఆయన దాన్ని తీసుకుని, ఎప్పటిలాగే గోడ మీది గిటార్లన్నిటికీ శ్రుతి చెయ్యడం మొదలుపెట్టారు. దాదాపు గంట పట్టింది. సువార్తమ్మ స్టూలు మీద ఓపిగ్గా కూర్చుంది. పని అయ్యాక ఆయన ఫ్యాను ఆపించి, వీధి తలుపు మూయించారు. ఒక గిటారు మీద మూడో తీగ మీటి, వెంటనే అరచేత్తో అణిచేశారు.

"ఈ స్వరం పట్టుకుని, గోడ దగ్గరగా నిలబడి ఒక్కసారి 'ఆ' అనమ్మా."

సువార్తమ్మ స్టూలు మీంచి లేవలేదు. "నేను గిటారు కొందామని వచ్చాను మాస్టారూ," అంది. ఆయన గోడవైపు చెయ్యి చూపించారు. ఖాజావలి తల వంచుకుని, తుడిచిన గిటారునే మళ్ళీ తుడుస్తున్నాడు. తప్పేట్టు లేదని లేచి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి బస్సులో కేకలా వచ్చి మధ్యలోనే పగిలింది. మూడేళ్ళుగా దాచిపెట్టిన సిగ్గంతా ఒక్కసారిగా ముఖం మీదకు వచ్చింది. తలుపు తీసుకుని వెళ్ళిపోవాలనిపించింది. మాస్టారు ఏమీ జరగనట్టే ఆ తీగ మళ్ళీ మీటి, మళ్ళీ అణిచారు. మూడోసారి ఆమె కళ్ళు మూసుకుంది. బొంగురుగానే వచ్చింది గానీ తొణకలేదు. ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకుని, నోరు మూసుకుంది.

స్వరం ఆగలేదు.

గోడ పలుకుతోంది. మాస్టారు ఒకే శ్రుతికి తెచ్చిన గిటార్లు, ఎవరి చెయ్యీ తగలకుండానే, ఆ మూలనుంచి ఈ మూలదాకా, చెవి రిక్కిస్తే గాని వినపడనంత మెల్లగా పలుకుతున్నాయి. సువార్తమ్మ ఒళ్ళు గగుర్పొడిచింది. అది తను పాడిన స్వరమే. దానిలో గాలి లేదు, జీర లేదు. ఆపరేషన్‌కు ముందు చర్చి పైకప్పు దాకా వెళ్ళిన స్వరం ఎలా ఉండేదో అలా, కల్మషం లేకుండా తిరిగి వస్తోంది. ఆమెకు భయం వేసింది. ప్రార్థనలో కూడా ఎరగని భయం అది, దానిలోంచి వెళ్ళిపోవాలని మాత్రం అనిపించలేదు.

ఒక్కొక్కటీ సద్దుమణిగాయి. నీలం గిటారు అన్నిటికంటే ముందే ఊరుకుంది. పైన పటారం, లోన లొటారం. చివరిదాకా పలికింది మూలనున్న గోధుమరంగుది, అంచు చెక్క లేచిపోయి రెండేళ్ళుగా ఎవరూ దించమననిది. సువార్తమ్మ దాని ముందు నిలబడి, ఎవరూ అడగకుండానే ఇంకోసారి పాడింది. దాని పొట్ట మీద వేలు ఆనిస్తే, చేతిలో పట్టుకున్న పిచ్చుకలా వణుకుతోంది. కిందికి దించి తీగ నొక్కి చూసింది. వేలికి లొంగింది.

"ఇరవై రెండేళ్ళుగా ఈ గోడ కిందే కూర్చుంటన్నా సారూ," అన్నాడు ఖాజావలి. "ఇది పలుకుద్దని నాకు తెలవదు." చెమటలు కారుతున్నా ఫ్యాను వెయ్యడం మర్చిపోయాడు. ఆమె దాచుకున్నది గిటారుకీ, దాని సంచీకీ సరిపోయింది.

సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతూ సువార్తమ్మ ఆగింది. తన ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

"మాస్టారూ, ఇది నా బదులు పాడుద్దంటారా?"

మాస్టారు గొడుగు విప్పుకుంటూ, "ఇందాక ముందు పాడిందెవరమ్మా?" అన్నారు.