ముక్తేశ్వరం మెడలో ఎనిమిది స్క్రూలు

గుమ్మడివలసలో తలుపులూ కిటికీలూ చేసే అన్నదమ్ములు ఇద్దరుండేవాళ్ళు. పెద్దవాడు ముక్తేశ్వరం, చిన్నవాడు భీమేశం. చెక్కకి కొలతైనా, మాటకి అర్థమైనా ఊరంతా తమ దగ్గరే నేర్చుకోవాలని వాళ్ళ ధీమా. ముక్తేశ్వరం పెళ్ళాం పైడమ్మకైతే ఆ ధీమా ఇంకో జానెడు ఎక్కువ. ఊళ్ళోవాళ్ళు ఏమనుకునేవాళ్ళో నేను చెప్పను, మీకే తెలుస్తుంది.

ఒకరోజు ముక్తేశ్వరం దూలం మీంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడు. పట్నంలో ఆపరేషన్ చేసి, ఎముకలో ఎనిమిది స్క్రూలు బిగించి, వాటికి రెండు కడ్డీలు తగిలించారు. స్క్రూలనేసరికి భీమేశానికి ప్రాణం లేచొచ్చింది. తెలిసిన పనే కదా!

డాక్టరుగారు పాపం ఓపిగ్గా చెప్పాడు. "ఎముక్కి రెండు గోడలుంటాయి. రెంటినీ పట్టుకుంటేనే గట్టిగా ఉంటుందయ్యా. మూడు నెలలు మెడ బెల్టు తియ్యొద్దు, తల వంచొద్దు, బరువు పడనివ్వొద్దు. స్క్రూ లూజైందా, మళ్ళీ కొయ్యాల్సిందే."

మళ్ళీ కొయ్యడమా! భీమేశం ఒప్పుకుంటాడా? తండ్రి పోయాక భుజాన మోసి పెంచిన అన్న మరి. అంతే, ఇంటికి రాగానే వంటింటికీ వసారాకీ మధ్య సందులో స్టూలేసి అన్నని కూర్చోబెట్టాడు.

"రెండు గోడలూ పట్టుకో అన్నయ్యా. వదిలావో, చచ్చామే!"

"మరి అన్నం ఎలా తినాలిరా?"

"వదిన పెడుతుందిలే."

పైడమ్మ కంచం పట్టుకుని మొగుడి చంక కిందనుంచి దూరి వెళ్ళేది, దూరి వచ్చేది.

మూడు నెలలు నిండవస్తున్నాయనగా పైడమ్మ ఓ నిట్టూర్పు విడిచింది. "ఇన్నేళ్ళూ ఇంటి బరువంతా ఈయన నెత్తిమీదే పడిందయ్యా."

భీమేశం ఉలిక్కిపడి పైకి చూశాడు. నిజమే, ఇల్లు అన్న నెత్తిమీదే ఉంది! ఇంకేముంది, నిచ్చెనేసుకుని ఎక్కి ఆ పైనున్న పెంకులన్నీ ఊడదీసేశాడు.

మర్నాడు పొద్దున్నే వాన. ముక్తేశ్వరం తల వంచకూడదు, గోడలు వదలకూడదు. ముక్కు మీంచి కారే నీళ్ళు ఊదుకుంటూ కూర్చున్నాడు. గొడుగేసుకుని పోతున్న ఎదురింటి పంతులుగారు ఆ వైభోగం చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"మీ ఇంట్లో స్క్రూ లూజర్రా!"

భీమేశం అన్న మెడ వంక చూశాడు. వీధిలోంచే కనిపించిందంటే ఎంత లూజై ఉండాలి!

ఆటో పిలిచారు. ముగ్గురూ ఎక్కాక భీమేశం పనివాడి బుద్ధి పనిచేసింది. స్క్రూ కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకి తిప్పితే ఊడుతుంది.

"బాబూ, ఎక్కడా ఎడమకి తిప్పకు."

"ఆస్పత్రికి ఎడమకే తిరగాలండీ."

"అయితే మూడుసార్లు కుడికి తిప్పు."

అంతే. గంటలో చేరాల్సినవాళ్ళు సాయంత్రానికి చేరారు. సంత చుట్టూ ఎన్నిసార్లు తిరిగారంటే, ఊరేగింపేమో అనుకుని కూరగాయలవాళ్ళు దండాలు పెట్టారు.

డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "భేషుగ్గా అతుక్కుంది. ఒక్క స్క్రూ కూడా కదల్లేదు" అని బెల్టు విప్పేశాడు. భీమేశం సంతోషం పట్టలేక బావురుమన్నాడు. ఆ ఏడుపులోనే గోడలూ, పెంకులూ, కుడి మలుపులూ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

డాక్టరుగారు తల పట్టుకున్నాడు. "బాబోయ్, మీతో ఇంకాసేపుంటే నాకే స్క్రూ లూజయ్యేట్టుంది!"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అయ్యయ్యో, ఈయనకీ ఆపరేషన్ అయిందన్నమాట! పైకి చెప్పుకోలేదు మహానుభావుడు. అన్నని బతికించినవాణ్ణి అలా వదిలేసి పోతామా? పైడమ్మ ఆ బెల్టే తీసి చటుక్కున డాక్టరుగారి మెడకి బిగించింది. భీమేశం ఆయన కూర్చున్న కుర్చీ పట్టుకుని కుడికి గిర్రున తిప్పాడు. ఇంకా తిప్పాడు.

"తల వంచకండి డాక్టరుగారూ! గోడలు పట్టుకోండి!"

ముక్తేశ్వరం మూడు నెలల తర్వాత మొదటిసారి తల అడ్డంగా ఊపాడు.

"చాల్లేరా తమ్ముడూ, మరీ బిగిస్తే ఎముక చిట్లుతుంది."