నవ్వాలంటే అయిదొందలు

లింగాలవారింట్లో తెలివి ఎంతుందంటే, నిద్రలో చెవుల్లోంచి కారిపోతుందేమోనని అందరూ తలకి గుడ్డ కట్టుకుని పడుకునేవారు. ఇంటికి పెద్ద అచ్చియ్యమ్మ, పెద్దకొడుకు సోమలింగం, కోడలు సూరీడమ్మ, చిన్నకొడుకు భద్రయ్య, ఉయ్యాల్లో చంటాడు, కొట్టంలో గేదె. చారులో ఉప్పెక్కువైతే నవ్వేవారు, తక్కువైతే ఇంకా నవ్వేవారు.

ఒకరోజు పట్నంనుంచి అచ్చియ్యమ్మ తమ్ముడు వైకుంఠరావు రెండ్రోజులుంటానని వచ్చాడు. పెద్ద ఆఫీసరు. ఆయన జీతమెంతో ఊరందరికీ తెలుసు, నవ్వెలా ఉంటుందో పెళ్ళానికి కూడా తెలీదు.

"ఏం చూసుకునే అక్కా ఈ ఇకఇకలు? మనిషన్నాక చేతిలో అయిదొందల నోటుండాలి, పేరుకో ఉద్యోగముండాలి. అప్పుడు నవ్వాలి!"

"అయ్యో, తెలీక ఇన్నాళ్ళూ ఊరికే నవ్వేశాం కదరా!" అని అచ్చియ్యమ్మ చెంపలేసుకుంది.

అంతే. పెట్టెలో ఉన్న ఒక్క నోటూ బయటికొచ్చింది. నోటు పట్టుకుని నవ్వాలి, నవ్వి పక్కవాళ్ళకి అందించాలి. అంతలో భద్రయ్య అరుగుమీంచి పడ్డాడు. తల్లి నవ్వింది, అన్న నవ్వాడు, వదిన నవ్వింది. నోటు తనదాకా వచ్చేసరికి వాడి నవ్వు చల్లారిపోయింది.

"పడింది నేను, నవ్వులు మీవా!" అని మళ్ళీ ఎక్కి పడ్డాడు.

చంటాడికి ఈ రూలు తెలీదు. ఒట్టి చేతుల్తో పకపకలాడుతున్నాడు.

"నీ కొడుకు దొంగనవ్వులు నేర్చాడే!" అని అచ్చియ్యమ్మ వాడి నోరు మూసింది.

సూరీడమ్మ వాణ్ణి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. "వాడికీ ఓ నోటు సంపాదించేదాకా ఎవరూ వాణ్ణి నవ్వించకండత్తా," అని ఏడ్చింది. ఏడవడానికి నోటక్కర్లేదు, అదొక్కటే నయం.

ఇక ఉద్యోగాలు. సోమలింగం పాల మేనేజరు. సూరీడమ్మ పిడకల ఆఫీసరు. భద్రయ్య కుడితి సూపరింటెండెంటు. అచ్చియ్యమ్మ అందరికీ పైఆఫీసరు. ఇంకేముంది, ఆఫీసర్లు పాలు పితుకుతారా? గేదె పొదుగు సలిపి ఊరదిరేలా అరిచింది.

"పాపం, దానికి సుఖం లేదురా. నోటు చూపించు," అంది అచ్చియ్యమ్మ.

సోమలింగం చూపించాడు. గేదె వాసన చూసింది, నాలుక చాపింది, మింగేసింది.

"అరుపాపేసింది! చూశారా, డబ్బు కడుపులో పడేసరికి ఎంత సుఖమో!" అన్నాడు భద్రయ్య.

ఇక అప్పట్నుంచి ఎవరికి నవ్వొచ్చినా కొట్టంలోకి పరిగెత్తి గేదె తోక పట్టుకోవడమే.

మర్నాడు ప్రయాణమవుతూ వైకుంఠరావు కొట్టంలోకి తొంగిచూశాడు. నలుగురూ తోకకి వేలాడుతున్నారు, సూరీడమ్మ చంకలో చంటాడుతో సహా.

"ఏమిటే అక్కా ఇది?"

"నువ్వు చెప్పిందేరా తమ్ముడూ! నోటు దీని కడుపులో ఉంది."

ఆఫీసరైనప్పట్నుంచీ పదకొండేళ్ళుగా బిగబట్టుకున్న నవ్వు ఆయనకి ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఒట్టి చేతుల్తో నవ్వుతున్నాడు, ఆఫీసరు పరువేం కాను!" అంటూ అచ్చియ్యమ్మ ఆయన్ని లోపలికి లాగి తోకని మణికట్టుకి రెండు చుట్లు చుట్టింది. ఆ నవ్వుకి గేదె బెదిరి, పలుపు తెంపుకుని, ఆయన్ని ఈడ్చుకుంటూ పోయి బురదగుంటలో పడుకుంది. కళ్ళజోడు ఎగిరి దాని కొమ్ముకి తగులుకుంది. ఆయన బురదలో వెల్లకిలా పడి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

వెంటపడి ఒడ్డుకి చేరిన నలుగురికీ పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ రానంత నవ్వు పొంగుకొచ్చింది. నోటేమో బురదలో ఉన్న గేదె కడుపులో! నోళ్ళు నొక్కుకుని, బుగ్గలు పూరీల్లా పొంగించి, కళ్ళనీళ్ళతో నిలబడ్డారు. చంటాడు పకాలుమన్నాడు.

అచ్చియ్యమ్మ ఒక చేత్తో తన నోరు, ఒక చేత్తో వాడి నోరు మూసింది.

"ఆగరా నాయనా, గేదెని రానీ!"