సీసా వీపు

స్పెయిన్‌లో ఒక కొండమీది మఠం. ద్రాక్ష కోతలు ముగిసిన మర్నాడు లోయలోని కూలీలందరికీ అక్కడ భోజనం పెట్టడం ఆచారం. కిందటి ఏడు వడగళ్లు పడి మఠం తోట పోయింది, ఈసారి సొంత వైన్ లేదు. వైన్ కొనక తప్పదు. ఉన్న డబ్బుకి పట్నంలో తగ్గింపు ధరల దుకాణమే దిక్కు.

"ద్రాక్ష కోసిన చేతులకి పాడు వైన్ ఇవ్వకూడదు. మంచిది దొరక్కపోతే నీళ్లు పొయ్యండి," అన్నాడు మఠాధిపతి.

"దొరుకుతుంది. నేను తెస్తాను," అన్నాడు ఇనిగో. మఠంలో చేరి రెండేళ్లయింది అతనికి. నాలుగు భాషలు చదవగలడు.

మొదటిసారి కోట బొమ్మ, బంగారు పతకం ఉన్న సీసా తెచ్చాడు. సగం ధర. వంటచేసే బ్రదర్ తోమే ఒక గుక్క తాగాడు.

"ఇందులో మాంసం నానబెడితే మెత్తబడుతుంది. తాగితే మనం మెత్తబడతాం."

రెండోసారి బరువైన సీసా, ఫ్రెంచి పేరు. తోమే రుచి చూసి దాన్ని వెనిగర్ జాడీలో ఒంపేశాడు.

"భోజనం రేపే. నీళ్ల కూజాలు కడగనా?"

"కడగొద్దు," అని ఇనిగో తన గురువు అన్సెల్మో దగ్గరికి వెళ్లాడు. మఠంలో వైన్ గది చూసుకునేది ఆ ముసలాయనే.

"ఫాదర్, దుకాణంలో మూత తియ్యనివ్వరు. తాగకుండా మంచిదేదో ఎలా తెలుస్తుంది?"

అన్సెల్మో కళ్లజోడు జేబులో వేసుకుని బస్సుకి బయల్దేరాడు.

దుకాణంలో ఆయన ఒక్కో సీసాని వెనక్కి తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, వేలితో అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఒకప్పుడు గొర్రెలు కాసినవాడు. నలభయ్యో ఏట అక్షరాలు నేర్చుకున్నాడు. పది సీసాలకి అరగంట పట్టింది. వెనక సరుకుల ట్రాలీలు ఆగిపోయాయి.

"తాతా, అది బైబిలా?" అంది ఒకావిడ.

ఇనిగో సిగ్గుపడ్డాడు. "ఇలా ఇవ్వండి ఫాదర్, నేను చదువుతాను. నాకు నిమిషం పట్టదు."

"అందుకే ఇవ్వను."

ఆ తర్వాత కోట బొమ్మ సీసాని తిప్పి అతని చేతిలో పెట్టాడు. 'సీసాలో నింపినవారు' అన్నచోట మనిషి పేరు లేదు, ఊరు లేదు. ఒక రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం ఉంది.

కింది అరలోంచి ఇంకొకటి తీసి ఇచ్చాడు. పోర్చుగల్‌ది. బొమ్మ లేదు, కాగితం వంకరగా అంటించారు. వెనక సన్నటి అక్షరాలు: సొంత తోట పండు, తోటలోనే సీసాలో నింపినది, తోట యజమాని ఇలీదియా ప్రాదో. కింద ఊరి పేరు.

"ఇది దానికన్నా చవక, ఫాదర్."

అన్సెల్మో అప్పటికే బయటికి వెళ్లి బస్టాపు బల్లమీద కూర్చున్నాడు. చదవాల్సినవి ఇంకా మూడు అరలున్నాయి. ఇనిగో మోకాళ్లమీద కూర్చుని, తర్వాతి సీసా తిప్పి, మొదటి అక్షరం కింద వేలు పెట్టాడు. రెండు బస్సులు వెళ్లిపోయాయి.

మర్నాడు భోజనాల దగ్గర మొదటి గ్లాసు కసీల్దాకి పోశారు. యాభై ఏళ్లుగా కోతలకి వస్తున్న మనిషి. ఆమె తాగితేనే మిగతావాళ్లు తాగుతారు. వంటింటి గుమ్మంలో తోమే నీళ్ల కూజాతో నిలబడ్డాడు.

ఆమె వాసన చూసింది. తాగింది.

"ఎవరిదిది?"

"ఇలీదియా ప్రాదో అనే ఆవిడది, నది అవతల, పోర్చుగల్‌లో," అంటూ ఇనిగో ఊరి పేరు కూడా చెప్పాడు.

కసీల్దా గ్లాసు మళ్లీ చాపింది. తోమే కూజా లోపలికి తీసుకుపోయాడు.

ఇనిగో సీసా ఎత్తాడు. దాని వీపు ఆమెవైపు తిప్పి పోశాడు.