ఉప్పుడు మిల్లులో మబ్బు పట్టిన రోజు

నూకరాజుకి తన బుర్ర మీద మహా నమ్మకం. ఆ ఉప్పుడు బియ్యం మిల్లులో నలభై మంది పనిచేస్తారు. వాళ్ళందరి తెలివీ కలిపి ఒక గంపలో పోసినా తన ఇంట్లో ముగ్గురి తెలివికి సాటి రాదని అతని ఉద్దేశం. ఆ ముగ్గురూ ఎవరంటే తను, తన పెళ్ళాం పైడితల్లి, తమ్ముడు గంగులు.

"చెప్పిన మాట చెప్పినట్టు వినేది మిల్లు మొత్తానికి మనమే," అనేవాడు రోజూ అన్నం తింటూ. "మొన్న మేస్త్రి గారు ఒక్క నిమిషంలో వస్తానని వెళ్ళారా. ఒక్కడైనా లెక్కపెట్టాడా? నేను అరవై దాకా లెక్కపెట్టాను. రాలేదు. పాపం, మంచివాడే గానీ అబద్ధాలాడతాడు."

"మరే," అనేది పైడితల్లి. గంగులు ముద్ద నోట్లో పెట్టుకునే తల ఊపేవాడు.

ఒకరోజు పొద్దున్నే మేస్త్రి కన్నయ్యకి కబురొచ్చింది. కాకినాడ ఆసుపత్రిలో కూతురికి నొప్పులు మొదలయ్యాయట. చూస్తే కళ్ళం నిండా ఉడకబెట్టిన ధాన్యం ఆరబోసి ఉంది. జనమంతా స్టేషన్ దగ్గర వ్యాగన్లకి బస్తాలెత్తడానికి పోయారు. మిగిలింది ఈ ముగ్గురే. కన్నయ్య గుండె రాయి చేసుకుని నూకరాజుని పిలిచాడు.

"ఒరే నూకరాజూ, ఈ ఒక్కరోజుకీ కళ్ళం నీ చేతిలో పెడుతున్నాను. సరిగ్గా చూశావంటే నా తర్వాత మేస్త్రివి నువ్వే. గంటకోసారి కాలితో కలియబెట్టండి. పిట్ట వాలనివ్వకండి. మబ్బు పట్టగానే బరకాలు కప్పేయండి. ఒక్క గింజ తడిసినా మన కొంప మునుగుతుంది."

అని బస్సుకి పరిగెత్తాడు. నూకరాజు అరచెయ్యి చూసుకున్నాడు. అందులో ఏమీ లేదు. తొందరలో పెట్టడం మర్చిపోయి ఉంటాడులే అనుకున్నాడు. మేస్త్రి అయిపోయినట్టే ఉందతనికి. ఛాతీ రెండంగుళాలు ముందుకొచ్చింది.

"కాలితో అన్నారు. కాళ్ళతో అనలేదు," అన్నాడు. అంతే, ముగ్గురూ ఒంటికాలి మీద కుంటుకుంటూ రెండో కాలితో ధాన్యం కలియబెట్టడం మొదలెట్టారు. గంగులు నాలుగుసార్లు పడ్డాడు. పడ్డ ప్రతిసారీ గంపెడు ధాన్యం చొక్కాలో దూరింది.

ఇంతలో పక్క వాడలోంచి కోళ్ళు బయల్దేరాయి.

"అన్నియ్యా, కోళ్ళు," అన్నాడు గంగులు.

"వాలుతున్నాయా?"

"లేదు, నడిచొస్తున్నాయి."

"అయితే వాటి జోలికి పోకు. వాలేవాటి సంగతి చూడు."

ఎక్కణ్ణుంచో ఒక పావురం వచ్చి వాలబోయింది. ఇంకేముంది, ముగ్గురూ దాన్ని కళ్ళం చుట్టూ తరిమారు. అది అలిసిపోయి గోడౌను కప్పు మీద కూర్చునేసరికి కోళ్ళు కడుపునిండా తిన్నాయి. వాటి వెనకే ఒక మేక కూడా నడిచొచ్చింది. వాలలేదు గనక దాన్నీ ఎవరూ ఏమనలేదు.

మధ్యాహ్నం దాటాక తూర్పున నల్లగా కమ్ముకొచ్చింది. పైడితల్లి బరకాలు చేత్తో పట్టుకుని సిద్ధంగా నిలబడింది.

"కప్పెయ్యనా మావా?"

"ఆగు. మబ్బు పట్టాక కదా కప్పమన్నారు. ముందు పట్టాలి."

అంతే, గంగులు గోనెసంచి భుజాన వేసుకుని నిచ్చెనెక్కి గోడౌను కప్పు మీదకి పోయాడు. సంచి మూతి తెరిచి ఆకాశం కేసి పట్టాడు.

"దొరికిందా?" అని కింద నుంచి నూకరాజు అడిగాడు.

"ఇంకా పైనుంది అన్నియ్యా. అందటం లేదు."

"పిలిచి చూడు, వస్తుందేమో," అంది పైడితల్లి.

గంగులు పిలిచాడు. మబ్బు రాలేదు గానీ చినుకు వచ్చింది. పైడితల్లి వంగి ఒక గింజ తీసి చూసింది. "తడిసింది మావా," అంది నెమ్మదిగా.

నూకరాజు ఆ గింజని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే మన కొంప మునుగుతుంది. పదండి."

ఇంకేముంది, ధాన్యాన్ని వానకి వదిలేసి బరకాలన్నీ ఎత్తుకుని ఇంటికి పరిగెత్తారు. కప్పు మీద రెండు, గోడలకి నాలుగు, తలుపుకి ఒకటి చుట్టి తాళ్ళు బిగించారు. బిగించాక నూకరాజుకి ఇంకో సంగతి తట్టింది.

"మన కొంప అన్నారు. మన అంటే మేస్త్రి గారిది కూడా."

మేస్త్రి ఇంట్లో ఆయన తల్లి సూరమ్మ మంచం మీద ఉంది. ముప్పై ఏళ్ళు ఆ మిల్లు కళ్ళంలోనే ధాన్యం తిరగేసిన మనిషి. మోకాళ్ళు పడిపోయి ఏడేళ్ళయింది. అప్పట్నుంచీ గడప దాటలేదు.

"మామ్మా, కొంప మునుగుతోంది," అన్నాడు నూకరాజు.

"నాలుగు చినుకులేగదరా."

"మీ అబ్బాయే చెప్పారు మామ్మా."

ముసలమ్మ ఇంకో మాట అనేలోగా మంచంతో సహా ఎత్తేశారు. మిల్లు షెడ్డులో దింపారు. ఉడికిన ధాన్యం వాసన ముక్కుకి తగిలి ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత కళ్ళం కేసి చూసింది.

"ఆ ధాన్యం ఎందుకు తడుస్తోందిరా?"

"మబ్బు దొరకలేదు మామ్మా," అన్నాడు గంగులు.

సూరమ్మ ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆమెకి సంగతి అర్థమైంది. నూకరాజు వాళ్ళకి ఎలా చెప్పాలో ఆ ఊళ్ళో మొదటిసారి ఒక మనిషికి అర్థమైంది.

"ఒరే, గంప తీసుకో. రెండు చేతులతో ధాన్యం ఎత్తి గంపలో నింపు. నెత్తిన పెట్టుకుని షెడ్డులోకి నడు. కింద పోసెయ్యి. మళ్ళీ వెళ్ళు. ఆ నేల మీద ఉన్నదంతా ఇక్కడికి వచ్చెయ్యాలి."

అంతే. ఆ ముగ్గురూ ఎత్తినట్టు ఆ మిల్లులో ఎవరూ ఎప్పుడూ ఎత్తి ఉండరు. మొహం తుడుచుకోమని ఆమె అనలేదు గనక తుడుచుకోను కూడా లేదు. గంట తిరిగేసరికి కళ్ళం ఖాళీ అయింది. పైపైన తడిసిందే గానీ అడుగున ధాన్యం పొడిగానే ఉంది. సూరమ్మ నిశ్చింతగా కునుకు తీసింది.

ఆగమని మాత్రం చెప్పడం మర్చిపోయింది.

ఇంకేముంది, నేల మీద ఉన్నదంతా రావాలి. కోళ్ళు వచ్చాయి. మేక వచ్చింది. నాలుగు రాళ్ళు, ఒక పాత చెప్పు వచ్చాయి. అప్పుడే మిల్లు షావుకారు బుల్లెబ్బాయి గారు వాన సంగతి చూద్దామని గొడుగేసుకుని వచ్చి కళ్ళం మధ్యలో నిలబడ్డారు. నూకరాజు చంకలు పట్టుకున్నాడు, గంగులు కాళ్ళు పట్టుకున్నాడు. గొడుగుతో సహా మోసుకొచ్చి ధాన్యం రాశి మీద, మేక పక్కన కూర్చోబెట్టారు.

బుల్లెబ్బాయి గారు గొడుగు మూశారు. మూసి ఒకే మాట అన్నారు.

"రేపట్నుంచి మీ ముగ్గురి మొహాలూ ఈ మిల్లులో కనిపించకూడదు."

పైడితల్లి ఇంటికొచ్చి కళ్ళొత్తుకుంది. నూకరాజు మాత్రం తాపీగా ఆలోచించాడు.

"ఎందుకే ఏడుపు? మొహాలే కదా వద్దన్నది. మనల్ని కాదు."

తెల్లారేసరికి కన్నయ్య తిరిగొచ్చాడు. మనవరాలు పుట్టిన సంబరంలో షావుకారు గారి నోట్లో లడ్డూ పెడుతున్నాడు. అంతలో మిల్లు గేటులోంచి మూడు గోనెసంచులు నడిచొచ్చాయి. కన్నాలు పెడితే మొహం కనిపిస్తుందని కన్నాలు కూడా పెట్టుకోలేదు. మొదటి సంచి గోడని గుద్దుకుంది. రెండోది మొదటిదాన్ని, మూడోది రెండోదాన్ని గుద్దుకున్నాయి.

షావుకారు గారు కోప్పడబోయారు గానీ లడ్డూ అడ్డొచ్చింది. లడ్డూ మింగేలోగా నవ్వొచ్చింది.

"వాళ్ళ మీద మా అమ్మ మాట పడనివ్వటం లేదండి," అన్నాడు కన్నయ్య. "ధాన్యం దక్కింది వాళ్ళ రెక్కల వల్లేనట. మనకి చెప్పడం రాకపోతే తప్పు వాళ్ళదా అంటోంది."

"సర్లే. ఇవాళ పనేంటి?"

"తొట్టిలో నానబెట్టడం అండి."

"ఒరే, ఆ సంచులు తీసి పనిలోకి దిగండి," అని షావుకారు గారు వెళ్ళిపోయారు.

నూకరాజు సంచి తీసి పెళ్ళాం కేసి గర్వంగా చూశాడు. అంతే, ముగ్గురూ వరసగా తొట్టెక్కి, లోపలికి దిగి, పీకల్లోతు నీళ్ళలో బుద్ధిగా కూర్చున్నారు. ధాన్యం బస్తాలు తోయించుకుంటూ వచ్చిన కన్నయ్య తొట్టిలోకి తొంగి చూసి అలాగే నిలబడిపోయాడు.

నూకరాజు తల పైకెత్తి, ఎంతో వినయంగా అడిగాడు.

"మేస్త్రి గారూ, మేం ఎన్ని గంటలు నానాలండీ?"