సన్మానానికి ముస్తాబైన లాంచీ

చంద్రావతి టీచరుకు ఒక అలవాటుంది. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే జవాబు చెప్పదు. జరిగిన సంగతి ఒకటి చెప్పి, ఇక నీ తెలివి నీది అన్నట్టు చూస్తుంది. ఆమె దగ్గర చదువుకుని ఇప్పుడు ఒక స్త్రీల పత్రిక నడుపుతున్న హైమకు ఈ అలవాటు తెలుసు. తెలిసీ ఆ రోజు మండిపడుతూ వచ్చింది.

గోదావరి రేవులో తరతరాలుగా లాంచీలు నడిపి, వంతెన కట్టాక బస్సుల్లోకి దిగిన చోడిశెట్టి వారి మీద ఎవరో పుస్తకం వేస్తున్నారు. అందులో ఒక వ్యాసం రాయమని హైమను అడిగారు.

"గంపెడు లాభం తీసుకున్నారు, చిటికెడు దానం చేశారు. ఆ చిటికెడుకు పొగడ్తలా టీచర్? కలిగినవాళ్ళకు కృతజ్ఞత చెప్పడమంటే వాళ్ళ ముందు వంగి నిలబడటం కాదా?"

టీచరు చెప్పిన సంగతి ఇది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. నది మధ్య లంకల నుంచి కాన్పు కబురు వస్తే లాంచీ చార్జీ లేకుండా వెళ్ళాలి. దాంట్లో ఆ ఇంటి ఆడమనిషి ఒకరు తప్పకుండా ఎక్కాలి. మొదటి లాంచీ కొన్నాయన భార్య పెట్టిన షరతు అది. "నొప్పులు పడే పిల్లను నలుగురు మగాళ్ళ మధ్య ఒంటరిగా తీసుకొస్తారా?" అందట. లాంచీ ఖర్చు ఆ ఇంటి మగవాళ్ళ పేరు మీద దానంగా చలామణి అయింది. చెయ్యి పట్టుకుని కూర్చోవడం ఎవరి పేరు మీదా చలామణి కాలేదు.

మూడో తరానికి యజమాని విశ్వనాథం. తల్లులకు ఇంత సేవ చేసిన కుటుంబమని ఊరు ఆయనకు సన్మానం తలపెట్టింది. మంత్రి గారు వస్తున్నారు, నది మధ్యలో లాంచీ మీదే వేడుక. లాంచీకి బంతిపూల దండలు కట్టారు, లోపల బల్ల మీద పట్టు శాలువా పెట్టారు. రెండో లాంచీ మరమ్మతులో ఉంది.

మంత్రి గారు రేవులో కారు దిగుతుండగా, లంక నుంచి ఒక జాలరి చిన్న నావలో ఎదురుగాలికి రొప్పుతూ వచ్చాడు. లంక బడిలో పంతులమ్మకు రాత్రి నుంచి నొప్పులు, బిడ్డ దిగడం లేదు, మంత్రసాని చేతులెత్తేసింది. పెద్దాసుపత్రికి చేర్చకపోతే ఇద్దరూ దక్కరు.

ఆ పంతులమ్మ చంద్రావతే.

విశ్వనాథం చెడ్డవాడు కాదు. కాసేపట్లో మెడలో దండ పడబోతున్న మనిషి, అంతే. "అరగంటే. సన్మానం కానిచ్చి అటునుంచి అటే లంకకు పోదాం. పెద్దమనిషిని నిలబెట్టి వెళ్ళిపోతే ఏం బాగుంటుంది?" అన్నాడు. రేవులో వేసిన ముందు వరుస కుర్చీలోంచి ఆయన తల్లి అచ్చమాంబ కోడల్ని కేకేసింది.

"ఏమే తాయారూ, కబురు చెవిన పడలేదా? పట్టుచీర నలుగుతుందనా?"

"చీరదేముంది అత్తయ్యా, మీ అబ్బాయి..."

"వాడి సంగతి నేను చూసుకుంటా. నువ్వెక్కు."

మంత్రి గారి మనిషి కంగారుగా అడ్డొచ్చాడు. "అమ్మా, మంత్రి గారికి మళ్ళీ తీరిక దొరకదండి."

"మంత్రి గారికి నొప్పులు రావట్లేదు కదా నాయనా! నీడలో కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళియ్యి."

ముందుగా మంత్రి గారే నవ్వారు. నవ్వక ఆయన మాత్రం ఏం చేస్తారు? తాయారు కొంగు బిగించి లాంచీ ఎక్కింది. డ్రైవరు యజమాని మొహం చూశాడు. విశ్వనాథం తల్లిని చూశాడు, భార్యను చూశాడు, వంగి కట్టుతాడు తనే విప్పాడు.

"ఆ తాడు విప్పినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే," అంది టీచరు. "గాలికి వణికిపోతుంటే ఆ పట్టు శాలువా తెచ్చి తాయారు నాకు కప్పింది. నా జన్మకు జరిగిన సన్మానం అదొక్కటే. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో పిల్ల పుట్టింది, ఇద్దరం బతికాం."

విశ్వనాథం సన్మానం సాయంత్రం ఒడ్డు మీద, శాలువా లేకుండానే జరిగింది. ఫొటోలో ఆ ఇంటి ఆడవాళ్ళు ఎవరూ లేరు. తాయారు అప్పటికింకా ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంది. అచ్చమాంబ ఆమెకు క్యారేజీలో అన్నం పట్టుకెళ్ళింది. ఇప్పుడు తాయారు కూతురు బస్సుల వ్యాపారం చూస్తోంది, లంక ఊళ్ళకు అంబులెన్సులు కూడా నడుపుతోంది. కాన్పు పిలుపు వస్తే ఆడమనిషి ఎక్కందే బండి కదలదు.

హైమ మండిపాటు ఇంకా పూర్తిగా చల్లారలేదు.

"అయితే లాభాల సంగతి వదిలేయమంటారా?"

"ఎందుకు వదలాలి? తీర్థాల రోజుల్లో టిక్కెట్టు పెంచేవాళ్ళు. రేవులో నిలబడి నేనే పోట్లాడాను, అది కూడా రాయి."

"మరి తాయారు గారికి మీరు ఏమని కృతజ్ఞత చెప్పారు?"

టీచరు తన అరచేతులు ఒకసారి చూసుకుంది.

"లాంచీలో నొప్పులకు నేను తాయారు చెయ్యి గట్టిగా పట్టుకుంటే గాజులు చిట్లి ఆమె మణికట్టు తెగింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇక నమస్కారం పెట్టడానికి నాకు చేతులెక్కడ ఖాళీగా ఉన్నాయమ్మా?"