పైడితల్లి అడిగిన ప్రశ్న

విశ్వంభరశాస్త్రిగారు అడిగినదానికి నేరుగా జవాబు చెప్పేవారు కారు. అడిగినవాణ్ణి కూర్చోబెట్టి, ఎవరిదో ఒక సంగతి చెప్పేవారు. అప్పుడప్పుడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కోదండపాణి అనే శిష్యుడు ఒకనాడు అడిగాడు: “గురువుగారూ, పిల్లలు అడిగింది మనకు తెలియకపోతే గద్దించి కూర్చోబెట్టడం తప్పంటారా? తెలియదంటే లోకువైపోమూ?”

శాస్త్రిగారు తన మిత్రుడు నీలాద్రిరావు సంగతి ఎత్తుకున్నారు.

నీలాద్రిరావు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం లెక్చరరు. చేరిన కొత్తలో ఎమ్మెస్సీ తరగతిలో పైడితల్లి అనే అమ్మాయి లేచి నిలబడింది. “సార్, వేడిపాలల్లో కాఫీపొడి కలిపి, చెంచాతో గ్లాసు అడుగున కొడతా ఉంటే మోత ముందు బొంగురుగా వస్తాది. పోనుపోనూ కీచుగా సన్నబడిపోతాది. ఎందుకు సార్?”

ఆయనకు తెలియదు. “ఇది వంటిల్లు కాదమ్మా. కూర్చో,” అన్నాడు. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది. మళ్లీ ఏనాడూ లేవలేదు.

ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇంట్లో గ్లాసు, చెంచా పట్టుకుని కూర్చున్నాడు. పుస్తకాలు తిరగేశాడు. కలిపినప్పుడు పాలల్లో పుట్టే సన్నని గాలిబుడగలు ధ్వని వేగాన్ని తగ్గించి మోతను బొంగురు చేస్తాయనీ, అవి పైకి పోయేకొద్దీ మోత సన్నబడుతుందనీ తేల్చుకున్నాడు. ఆ సంగతి తరగతిలో చెబుదామనుకున్నాడు. చెబితే ఆనాడు తెలియదని ఒప్పుకున్నట్టే కదా! రేపు, ఎల్లుండి అని వాయిదా వేస్తుండగానే ఆ అమ్మాయి చదువు మానేసి వెళ్లిపోయిందని తెలిసింది.

ఆయన మటుకు ఆ బుడగల వెంటే వెళ్లాడు. ద్రవాల్లో ధ్వని గురించి పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకున్నాడు, రీడరయ్యాడు, ప్రొఫెసరయ్యాడు. సన్మానసభలో ఎవరో, “ఇంత చిన్న విషయంలో ఇంత లోతు చూడటం వీరికే చెల్లింది,” అని పొగిడితే తలవంచుకుని శాలువా కప్పించుకున్నాడు. ఆ పొగడ్త ఎవరికి చెందాలో ఆ సభలో ఆయనొక్కడికే తెలుసు.

రిటైరయ్యాక ఆమె ఆచూకీ తీసి సాలూరు వెళ్లాడు. పైడితల్లి తర్వాత మళ్లీ బి.ఏ. చదువుకుని, అక్కడ హైస్కూల్లో సోషల్ పాఠాలు చెబుతోంది. ఎంతో సంబరపడి, కాళ్లకు దండం పెట్టి, కుర్చీ వేసింది. ఆయన పాలు, బుడగలు, ధ్వని అంతా విడమరిచి చెప్పాడు. ఆమె మర్యాదగా చివరిదాకా విన్నది.

“అది నేనడిగానా సార్? గుర్తు లేదండీ. ఫిజిక్సు నా వల్ల కాదని మాత్రం ఆ ఏడే తెలిసిపోయింది. మీ దయవల్ల తొందరగా తెలిసింది. లేకపోతే ఇంకెన్నేళ్లు పాడుచేసుకుందునో!” అని నవ్వింది.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. తిరిగివస్తూ నీలాద్రిరావు శాస్త్రిగారి అరుగుమీద కూర్చుని, ఈ సంగతంతా చెప్పుకున్నాడట.

కోదండపాణి, “ఆయన ఆవిడతో, ఆనాడు తనకే తెలియదన్న నిజం చెప్పేయవలసింది కదండీ?” అన్నాడు.

“చెప్పాడు నాయనా. ఆనాడు ఫిజిక్సు రానిది నీకు కాదు తల్లీ, నాకే అన్నాడు,” అన్నారు శాస్త్రిగారు. “ఆవిడేమో, తన మనసు నొచ్చుకోకూడదని పెద్దాయన అలా అంటున్నారనుకుంది.”