మూగవ్వ గుట్ట

పూర్వం, పెన్నానదికి దక్షిణాన, వానచినుకునే నమ్ముకొని బ్రతికే ఎర్రనేలల సీమలో కొర్రలదిన్నె అనే గ్రామం ఉండేది. ఆ గ్రామంలో తిప్పక్క అనే వృద్ధురాలు, ఊరి పడమటి గుట్టపై వెలసిన గాలెమ్మ తల్లికి నిత్యదీపారాధన చేస్తూ, రోహిణి కార్తె దాటగానే గుట్టకొమ్మున నిలిచి, నైరుతి గాలిని ముఖాన సోకించుకొని, విత్తనం వేయదగిన దినాన్ని రైతులకు తెలిపేది. నలభై యేండ్లలో ఆమె వాక్కు ఒక్కమారైనా తప్పలేదని పెద్దలు చెప్పేవారు.

అటువంటి సీమలో కాలం గతి తప్పింది. మృగశిరలో రావలసిన వర్షం రోహిణిలోనే రెండు జల్లులు కురిసి, ఆమె వాక్కుకు ముందే ఆశపడి విత్తగా మొలకెత్తిన పైరును ఎండకు అప్పగించి వెళ్ళిపోయింది. మరుసటి యేడు పంట పండింది గాని, కోసిన కొర్ర కుప్పలమీద హస్త కార్తెలో ఏడు దినాలు ఎడతెగని వాన కురిసి, వెన్నులు కుప్పలోనే మొలకలెత్తి కుళ్ళిపోయాయి. మూడవ యేడు అసలు మేఘమే కనబడలేదు. నాలుగవ యేటికి ఒక్కమారు విత్తడానికి సరిపడే గింజలు మాత్రమే ఊరిలో మిగిలాయి.

అప్పుడు పెద్దకాపు హనుమంతప్ప గుట్టనెక్కి, తిప్పక్క ఎదుట చేతులు కట్టుకొని నిలిచాడు.

"అవ్వా, ఈసారి ఎప్పుడు ఇత్తమంటావు?"

"నాకు తెలీదు నాయనా. ఇది నేనెరిగిన గాలి కాదు."

"నీకే తెలీకపోతే మేమెవుర్ని అడగాల? ఇంట్లో బిడ్డలు ఆ గింజలవైపే చూస్తాండారు. ఏదో ఒగటి చెప్పు."

ఆ దీనముఖాన్ని చూడలేక, ఆరుద్ర కార్తెలో ఆకాశం నల్లబడిన ఒక ఉదయాన, మనసు రూఢిగా పలుకకపోయినా, "ఇత్తండి" అన్నది. ఊరంతా విత్తింది. ఆ సాయంత్రం వాన కురిసింది; మొలకలు చాళ్ళు చాళ్ళుగా లేచాయి. ఆపైన నలభై దినాలు ఒక్క చుక్క రాలలేదు.

ఎవరూ ఆమెను నిందించలేదు. ఒక్కొక్క కుటుంబమూ గుట్టదారిన వలసపోతూ, ఆమెను చూడగానే తలలు వంచుకొని సాగిపోయింది. ఆ మౌనమే ఆమెను దహించింది. చివరివాడైన హనుమంతప్ప "నువ్వూ రా అవ్వా" అని పిలిచాడు.

"నా మాట ఇని గింజలు మన్నులో పోసినారు. నేనెట్ల వస్తును?"

అతడు బండి కదిలించాడు. ఆమె మాత్రం గాలెమ్మ ఎదుట కూర్చుండి, వానను వేడుకొనక, "తల్లీ, ఈ నోరు తీసుకో. నన్నడిగి ఇంకెవురూ చెడిపోగూడదు" అని మాత్రమే ప్రార్థించింది.

చిత్త కార్తెలో, మనిషిగాని విత్తనంగాని మిగలని ఆ పొలాలపై కుంభవృష్టి కురిసింది. ఆ వార్త విని పరుగున వచ్చిన హనుమంతప్పకు, నీళ్ళు నిలిచిన చాళ్ళూ, గుట్టకొమ్మున నైరుతికి ముఖం త్రిప్పి కూర్చున్న ఒక నల్లని శిలా కనిపించాయి. ఆ శిలకు కన్నులున్నాయి, ముక్కున్నది, నోరు లేదు. అతడు దాని పాదాలపై పడి, బండి కదిలించిననాడు తనకు తోచని మాటను అప్పుడు పలికాడు: "నీ తప్పు లేదవ్వా."

కాలాంతరంలో కొన్ని కుటుంబాలు తిరిగివచ్చి మరల సేద్యం మొదలుపెట్టాయి. మూగవ్వ గుట్టగా పేరుగాంచిన ఆ స్థలంలో నేటికీ పూజారి లేడు, గంట లేదు, ప్రశ్న అడిగే ఆచారం లేదు. విత్తుకు ముందు రైతు వచ్చి, హనుమంతప్ప పలికిన ఆ మాటనే మంత్రంగా పలికి, దినాన్ని తానే నిర్ణయించుకొని వెళతాడు. పైరు ఎండిపోయిన యేడు రెండవమారు గుట్టనెక్కుతాడు. అప్పుడూ ఆ మాటనే పలుకుతాడు. ఈమధ్య ఏ యేడూ ఆ రెండవ దర్శనం తప్పడం లేదని అక్కడివారు చెబుతారు.